స్లాబ్ రోజు నుంచి వెనక్కి: సూపర్‌వైజర్ కోర్సులో ప్లానింగ్ ఎలా నేర్పాలి

తోటి ఇన్‌స్ట్రక్టర్లకు, పాలిటెక్నిక్‌ల నుంచి వచ్చిన లెక్చరర్లకు నమస్కారం.

తాపీ పని, సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కింద కట్టే తాత్కాలిక అచ్చు), రాడ్ బెండింగ్ మనం బాగానే నేర్పుతున్నాం. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బోర్డు మీద బార్ చార్టు (ఏ పని ఏ రోజుల్లో జరుగుతుందో గీతలతో చూపే పటం) గీసి, ల్యాబ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ చూపించి చేతులు దులుపుకుంటున్నాం. పిల్లలు రంగురంగుల గీతలు గీస్తారు. "సెంట్రింగ్ గీత నాలుగు రోజులే ఎందుకుంది?" అని అడిగితే బిక్కమొహం వేస్తారు. ఆ నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో రాబట్టడమే అసలు పాఠం. అందుకు ఒక్క స్లాబ్ చాలు.

9 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు, 125 మి.మీ. మందం ఉన్న స్లాబ్ తీసుకోండి. దూలాలు ప్రస్తుతానికి పక్కన పెడదాం. విస్తీర్ణం 108 చదరపు మీటర్లు, కాంక్రీటు 13.5 ఘనపు మీటర్లు. ఎం20 నామినల్ మిక్స్, అంటే సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో, ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. మొత్తం 108 బస్తాలు, ఇసుక 200 ఘనపుటడుగులు, 20 ఎంఎం కంకర 400 ఘనపుటడుగులు. ఇక్కడ విద్యార్థి ఇండెంట్, అంటే కావాల్సిన సామాను జాబితా, రాసేస్తాడు. అప్పుడు తడి ఇసుక సంగతి ఎత్తండి. తేమకు ఇసుక ఉబ్బుతుంది, పాతిక శాతం దాకా కూడా. లారీలో 200 ఘనపుటడుగులు కొలిచి దించుకుంటే సాయంత్రానికి ఇసుక చాలదు. వర్క్‌షాపులో ఒక గ్లాసు జాడీ, కాస్త తడి ఇసుక, నీళ్లు ఉంటే ఈ ఉబ్బును పది నిమిషాల్లో చూపించవచ్చు.

ఇప్పుడు రోజులు. స్లాబ్ శనివారం పోయాలని ముందు నిర్ణయించి, అక్కడి నుంచి వెనక్కి రమ్మనండి. శుక్రవారం చెకింగ్, అంతకుముందు కడ్డీ కట్టడం, దానికి ముందు సెంట్రింగ్. ముఠా రోజుకు 27 చదరపు మీటర్లు చేస్తుందనుకుంటే నాలుగు రోజులు. పక్కన పెట్టిన దూలాల అడుగుభాగాలు, పక్కలు కలపగానే నాలుగు చాలవు. చార్టులో అంకె పనిలోంచి పుడుతుందని విద్యార్థికి అప్పుడు అర్థమవుతుంది.

ఎక్కువమంది మరిచిపోయేది ఎలక్ట్రీషియన్‌ను. కింది కడ్డీలు కట్టాక, పై కడ్డీలు వేయకముందు పైపులు పడాలి. అతను ఆలస్యంగా వస్తే కట్టిన కడ్డీలను ఎత్తి పైపు దూరుస్తాడు. కడ్డీని షీటు నుంచి ఎత్తి ఉంచే 20 మి.మీ. కవర్ బ్లాకులు పక్కకు జారతాయి, కడ్డీ సెంట్రింగ్ షీటుకు ఆనుకుంటుంది. ఏళ్ల తర్వాత ఆ గది కప్పు పెచ్చులూడి తుప్పు బయటపడుతుంది. అందుకే చార్టులో అతనికి ప్రత్యేకంగా ఒక గీత ఉండాలి, చెకింగ్ ఆ గీత తర్వాతే రావాలి.

పోత రోజును నిమిషాల్లో లెక్క కట్టించండి. తిప్పుకు ఒక బస్తా పట్టే మిల్లర్‌తో (కాంక్రీటు కలిపే యంత్రం) 108 తిప్పులు. తిప్పుకు 4 నిమిషాలైతే 7 గంటల 12 నిమిషాలు, 5 అయితే 9 గంటలు. మధ్యాహ్న భోజనం అదనం. ఉదయం ఏడుకు మొదలుపెట్టకపోతే ఏమవుతుందో ఇక చెప్పక్కర్లేదు. 60 బస్తాలయ్యాక మిల్లర్ ఆగిపోయిందని ప్రకటించి, జాయింట్ (పాత, కొత్త కాంక్రీటు కలిసే చోటు) ఎక్కడ వదలాలో చాక్‌పీసుతో గీయమనండి. ఆగిన చోటే వదిలేస్తామంటే మార్కులు పోయినట్టే. స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) మధ్య మూడో వంతులో, నిలువు చెక్క పెట్టి ఆపాలి. కాంక్రీటును కుదించే వైబ్రేటర్‌కు స్పేర్ నీడిల్, డీజిల్ క్యాన్ ఇండెంట్‌లో ఉన్నాయా అని కూడా అడగండి. నీళ్లు బస్తాకు 30 లీటర్లకు మించకూడదు. పని తేలిగ్గా సాగాలని కూలీలు ఇంకో బకెట్ కుమ్మరిస్తుంటే అడ్డుకోవాల్సింది సూపర్‌వైజరే.

పోత అయ్యాక చార్టు అయిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీకి (ఆర్డినరీ పోర్ట్‌ల్యాండ్ సిమెంటు) స్లాబ్ అడుగు షీట్లు 3 రోజులకు తీయవచ్చు, జాకీలు (కింద నిలబెట్టే ఆధారాలు) వెంటనే మళ్లీ పెట్టాలి. 4.5 మీటర్ల వరకు స్పాన్ ఉంటే ఆ జాకీలు 7 రోజులు, మించితే 14 రోజులు ఉండాలి. దూలాల కిందవి 6 మీటర్ల వరకు 14, ఆపైన 21. పీపీసీ (పోర్ట్‌ల్యాండ్ పొజొలానా సిమెంటు) వాడితే గడువు పెంచాలి. క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీకి 10, వీలైతే 14. సైట్లో సెంట్రింగ్ సామాను ఒక్క సెట్టే ఉంటే రెండో బ్లాకు ఎప్పుడు మొదలవుతుందో తేల్చేది ఈ అంకెలే. అద్దె మీటరు తిరుగుతుంటే జాకీలు త్వరగా లాగేయాలని మేస్త్రి మీద ఒత్తిడి వస్తుంది. ఆ ఒత్తిడిని క్లాసులోనే రప్పించండి: ఒకరు ఓనరు, ఒకరు మేస్త్రి, ఒకరు సూపర్‌వైజర్.

రోజువారీ రిపోర్టులో "పని అరవై శాతం అయింది" అని రాస్తే కొట్టేయండి. ఎన్ని చదరపు మీటర్ల సెంట్రింగ్, ఎన్ని కిలోల కడ్డీ అని రాయించండి. కడ్డీ మీటరు బరువుకు మి.మీ.లలో వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే చాలు. 10 ఎంఎంకు మీటరుకు 0.617 కిలోలు.

పరీక్షలో మొదటి చార్టుకు తక్కువ మార్కులే పెట్టండి. అది పక్కవాడిది చూసి గీయవచ్చు. చార్టు ఇచ్చాక "గురువారం ఇసుక లారీ రాలేదు" అన్న చీటీ అందించి, మార్చిన చార్టుకు, ఎవరికి ఏ రోజు ఫోన్ చేయాలో రాసిన జాబితాకు ఎక్కువ మార్కులు ఉంచండి.