మిగతా ముగ్గురూ ఎందుకు కారు?
(హనుమకొండలో పాఠశాలల క్విజ్ ఫైనల్‌కు ముందు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు నమస్కారం. పొద్దున బస్సెక్కి ములుగు, నర్సంపేట, పరకాల నుంచి వచ్చిన పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం. నన్ను ‘క్విజ్‌లో గెలవడం ఎలా’ అన్న అంశం మీద మాట్లాడమన్నారు. అందులో ఒక్క ముక్కే చెబుతాను, ఎలిమినేషన్ గురించి. అంటే తప్పు జవాబులను ఒక్కొక్కటే కొట్టేస్తూ ఒప్పు దగ్గరికి చేరడం.

దీన్ని చాలామంది గాలిలో రాయి వేయడం అనుకుంటారు. కాదు. ఎందుకు కాదో ఒక అమ్మాయి చూపించింది.

కొన్నేళ్ల కింద ఒక పోటీలో రామప్ప గుడి కట్టించిందెవరని అడిగారు. ఆప్షన్లు: రుద్రదేవుడు, రేచర్ల రుద్రుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు. నలుగురి పేర్లలోనూ రుద్ర ఉంది, పిల్లలకు టెన్షన్ పెట్టే ప్రశ్న. పల్లెటూరి సర్కారు బడి అమ్మాయి వేళ్లు ముడుస్తూ పక్క అమ్మాయితో గుసగుసగా అంటోంది. నేను ముందు వరుసలో ఉన్నాను, స్పష్టంగా వినిపించింది. ‘రామప్ప 1213. వెయ్యి స్తంభాల గుడి 1163, అది రుద్రదేవుడిది. ఆయన 1200 రాకముందే పోయిండు. రుద్రమ గద్దెనెక్కింది 1262లో. ప్రతాపరుద్రుడు ఆమె మనుమడు, ఇంకా తర్వాత.’ మూడు వేళ్లు ముడిచి, రేచర్ల రుద్రుడని చెప్పింది.

జవాబు ఒప్పు. అయితే న్యాయనిర్ణేత ఒకరు, ‘తెలిసి చెప్పావా, ఊహించావా?’ అని అడిగారు. ఆ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది: ‘రేచర్ల రుద్రుని గురించి చదువలేదు సార్. మిగతా ముగ్గురు మాత్రం కారు.’ హాల్లో నవ్వులు. ‘లక్కీ గెస్’ అని మార్కు తీసేశారు! ఆ తర్వాత ఏ రౌండ్‌లోనూ ఆమె నోరు విప్పలేదు.

అయ్యా, ఆ నవ్వు నాకిప్పటికీ మంటే. జవాబు బట్టీ పట్టినవాడికి ఒక్క పేరు తెలిస్తే చాలు. ఆమెకు కాకతీయుల వంశక్రమమంతా తెలుసు. గణపతిదేవుడి కాలం నాటి సేనాని రేచర్ల రుద్రుడొక్కడే తెలియదు, అంతే. ఎవరిది ఎక్కువ చదువు? తల్లిదండ్రులారా, మీరే చెప్పండి.

లెక్క కూడా చూడండి. సివిల్స్ ప్రిలిమ్స్‌లో తప్పు జవాబుకు మూడో వంతు కోత. నాలుగేసి ఆప్షన్లున్న 12 ప్రశ్నలకు గుడ్డిగా టిక్కు పెడితే సగటున 3 ఒప్పు, 9 తప్పు. కోత పోగా మిగిలేది సున్నా. ప్రతి ప్రశ్నలో రెండు తప్పులను తీసేయగలిగితే 6 ఒప్పు, 6 తప్పు. కోత పోయినా నాలుగు ప్రశ్నల మార్కులు చేతికొస్తాయి. ఆ తేడా అదృష్టం ఇచ్చింది కాదు, చదువు ఇచ్చింది.

పొడుగ్గా ఉన్న ఆప్షనే ఒప్పు, తెలియకపోతే ‘సి’ పెట్టు లాంటి చిట్కాలు కొందరు కోచింగుల్లో చెబుతారు. దయచేసి వాటిని దీనితో కలపకండి. ఒక ఆప్షన్ కొట్టేయాలంటే మీ దగ్గర కారణం ఉండాలి: సంవత్సరమో, ఊరో, వంశమో. కారణం లేకపోతే దాన్ని ఉంచేయండి.

పిల్లలూ, పక్క టీమ్ తప్పు చెప్పాక పాస్ అయిన ప్రశ్న మీ దగ్గరికి వస్తే, వాళ్లు ఒక తప్పు ఆప్షన్‌ను తీసేసి ఇచ్చినట్టే. బజర్ మీద చెయ్యి పెట్టుకుని చాలామంది అది వినరు. వినండి, కాగితం మీద కొట్టేయండి. జట్టులో ఒకరికి సంవత్సరాలు, ఒకరికి ఊర్లు గుర్తుంటాయి. ఇద్దరూ చెరొకటి కొట్టేస్తే సగం పని అయినట్టే.

ఫైనల్‌కు టైమ్ అయిందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. క్విజ్ మాస్టర్ గారూ, మీకొక్క మనవి. ఈ రోజు ఒక రౌండ్‌లోనైనా ‘జవాబేమిటి’తో ఆగకుండా ‘మిగతా మూడూ ఎందుకు కావు’ అని అడగండి. చెప్పిన ప్రతి కారణానికి మార్కు వేయండి. ఇప్పుడే, ఈ పోటీలోనే వేయండి.