పగటి ఎండ చూసి నారు బయట పెట్టకండి

యాంకర్: చలి ఇంకా పోలేదు, మధ్యాహ్నం ఎండ మాత్రం బాగానే కాస్తోంది. మొక్కలు పెంచేవాళ్లకి చేతులు ఊరుకోవు కదా, లైన్లన్నీ అప్పుడే నిండిపోయాయి. హలో, చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండీ. కిటికీ దగ్గర టమాటా విత్తనాలు వేశాను. మొలిచాయి గానీ నారు సన్నగా దారాల్లా సాగిపోయి పక్కకి పడిపోతోంది. బయట ఎండ ఉంది కదా, మడిలో నాటేస్తే బలం పట్టుకుంటుందేమోనని.

సలహాదారు: వద్దమ్మా, ఇప్పుడు అసలే వద్దు. నారు అలా సాగిందంటే ఇంట్లో వెచ్చదనం ఎక్కువ, వెలుతురు తక్కువ అని అర్థం. వెలుతురు వెతుక్కుంటూ కాడ పైకి పోతుంది, బలం రాదు. టమాటాలో ఒక సౌకర్యం ఉంది, కాడని మట్టిలో పూడిస్తే దాని నుంచే వేళ్లు వస్తాయి. కాబట్టి మొదటి జత ఆకుల దాకా లోతుగా పూడ్చి వేరే కుండీలోకి మార్చండి, ఇంట్లోనే బాగా వెలుతురు పడేచోట, కాస్త చల్లగా ఉన్నచోట పెట్టండి. నీళ్లు పైమట్టి ఆరాకే పోయండి. చల్లగా, తడిగా ఉన్న మట్టిలో నారుకుళ్లు తెగులు వస్తుంది, కాడ మొదట్లో నల్లబడి రాత్రికి రాత్రే పడిపోతుంది.

కాలర్: మరి బయట ఎప్పుడు నాటాలి?

సలహాదారు: పగటి ఎండని చూడకండి, రాత్రి చలి ఎంత ఉందో చూడండి. రాత్రుళ్లు 10 డిగ్రీల కంటే తగ్గుతూ ఉంటే టమాటా పెరగకుండా మొండికేస్తుంది, మంచు పేరుకుంటే చచ్చిపోతుంది. తోటపని చేసేవాళ్లకి నేనైతే మొదట కొనమనేది మట్టిలో గుచ్చే థర్మామీటర్. పొద్దున్నే, 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతులో, వరసగా కొన్నాళ్లు చూడండి. 5, 7 డిగ్రీలు ఉంటే బఠాణీ, పాలకూర, ముల్లంగి వేసుకోవచ్చు, మొలవడానికి కాస్త ఎక్కువ రోజులు పడుతుంది, అంతే. చిక్కుడు జాతి బీన్స్‌కి 15 దాకా రావాలి, లేకపోతే గింజ మొలవకుండా మట్టిలోనే కుళ్లిపోతుంది. ఇంకో మాట, బయటికి తెచ్చేముందు నారుని అలవాటు చేయాలి. మొదటిరోజు నీడలో ఓ గంట, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ వారం, పది రోజుల్లో రోజంతా ఉంచొచ్చు. గాలికి కూడా అలవాటు పడాలి కదా, చాలామంది ఎండ ఒక్కటే అనుకుంటారు.

యాంకర్: తర్వాతి కాల్. హలో?

కాలర్: సార్, మాది బంకమట్టి. తవ్వి సిద్ధం చేసి పెట్టుకుందామనుకుంటున్నా.

సలహాదారు: ఒక గుప్పెడు మట్టి తీసుకుని నొక్కండి. ముద్దయిందా?

కాలర్: అయింది సార్. వేలితో పొడిచినా విడిపోవట్లేదు.

సలహాదారు: అయితే పార పక్కన పెట్టేయండి. తడి బంకమట్టిని తవ్వినా, తొక్కినా లోపల గాలి ఆడే సందులు మూసుకుపోతాయి, ఆరాక గడ్డలై ఇటుకల్లా బిగుస్తాయి, ఏడాదంతా వేళ్లు బాధపడతాయి. వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలాలి, అప్పుడు తవ్వండి. ఈలోగా మడి మీద ఎండుటాకులు మందంగా ఉంటే పక్కకి లాగేయండి, అవి ఎండని మట్టికి తగలనివ్వవు, చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి.

యాంకర్: ఆకులు కప్పమనే కదా ఎప్పుడూ చెబుతారు!

సలహాదారు: వేసవిలో కప్పమంటాను. ఇప్పుడు తీసేయమంటాను.

యాంకర్: సరే, సరే. హలో, చెప్పండి.

కాలర్: వాతావరణ సూచనలో 3 డిగ్రీలే అన్నారండీ, అయినా మొక్కల చివర్లు నల్లగా మాడిపోయాయి. సూచన తప్పా, నేను తప్పా?

సలహాదారు: ఇద్దరూ కాదు. వాళ్ల థర్మామీటర్ నేలకి సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది, అప్పుడు మొక్క ఆకు దగ్గర సున్నా కంటే తక్కువే ఉండొచ్చు. పైగా చల్లగాలి బరువుగా ఉంటుంది, పల్లంలోకి జారుకుని అక్కడే ఉండిపోతుంది. అందుకే తోటలో పల్లపు మూల ముందు దెబ్బతింటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న సాయంత్రం, పొద్దు గుంకకముందే పల్చటి గుడ్డ కప్పండి, అంచులు నేలదాకా దిగాలి, అప్పుడే నేల వేడి లోపల నిలుస్తుంది. ప్లాస్టిక్ అయితే ఆకుకి తగలకూడదు, తగిలినచోట మాడుతుంది. పొద్దున తీసేయడం మాత్రం మర్చిపోకండి. మట్టి ఎండిపోయి ఉంటే పగలే కాసిన్ని నీళ్లు పెట్టండి, తడి నేల వేడిని ఎక్కువ దాచుకుంటుంది.

కాలర్: నల్లబడ్డ కొమ్మలు కత్తిరించేయనా?

సలహాదారు: ఆగండి. మాడిన చివర్లు కింది మొగ్గలకి కొంత కాపుదల. ఇప్పుడు కత్తిరిస్తే కొత్త చిగురు వస్తుంది, ఆ లేత చిగురు ఇంకో మంచు రాత్రికి పోతుంది. మంచు భయం తీరాక, పచ్చి ఎక్కడుందో గోటితో గీరి చూసుకుని కోయండి.

యాంకర్: ఇంకొక్క కాల్, తొందరగా అడగండి.

కాలర్: వసంతంలో పూసే పొదలు కత్తిరించాలి, ఇప్పుడు చేయొచ్చా?

సలహాదారు: చేస్తే ఈ ఏడాది పూలు ఉండవు. మొగ్గలు పోయినేడు పెరిగిన కొమ్మల మీద అప్పుడే కట్టేసుకుని ఉంటాయి. పూత అయిపోగానే కత్తిరించండి. గులాబీల్లో ఏటా ఒక్కసారే పూసేవాటికీ ఇదే లెక్క. పదే పదే పూసేవాటికి మాత్రం మొగ్గలు ఉబ్బడం మొదలవగానే కత్తిరించేయొచ్చు.