పడమటి గోడ

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇల్లు కట్టుకోబోతున్నవాళ్లు చాలామంది ఉన్నారని చెప్పారు. అందుకని ఇవాళ ఒక్క గోడ గురించే మాట్లాడతాను.

మే నెలలో రాత్రి 10 గంటలకు మీ పడమటి గోడకు లోపలివైపు అరచెయ్యి ఆనించి చూడండి. ఇంకా సెగ కొడుతుంటుంది. 9 అంగుళాల ఇటుక గోడ దాటి వేడి లోపలికి రావడానికి ఆరేడు గంటలు పడుతుంది. మధ్యాహ్నం కాగిన గోడ మనం పక్కలు వేసుకునే వేళకు వేడి కక్కుతుంది. ఫ్యాను ఆ వేడినే తిప్పుతుంది. మా అమ్మ మంచం రెండు వేసవులు ఆ గోడ పక్కనే ఉంది. వీపు నిండా చెమటకాయలు. ఉక్కపోత వల్లే అనుకున్నాం గానీ గోడ మీద చెయ్యి వేసి చూడలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మన శ్రీకాకుళం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే మే నడిమికి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. దక్షిణపు గోడకు అప్పుడు ఎండ దాదాపు తగలదు. మధ్యాహ్నపు దెబ్బంతా శ్లాబుకూ పడమటి గోడకూ.

తాటాకు కప్పిన మన గుండ్రటి చుట్టిళ్లకు ఈ బాధ తక్కువ. చూరు బాగా కిందికి దిగేది, మట్టిగోడకు ఎండ తగిలేదే కాదు. కానీ 2018లో తిత్లీ తుఫాను చూశాక ఎవరినీ మళ్లీ తాటాకింట్లో ఉండమనను. శ్లాబు ఇల్లే కావాలి. కానీ ఆ చూరు చేసిన పని ఇప్పుడు ఇంకోటి ఏదో చెయ్యాలి కదా.

పిల్లర్లు లేపి కడుతుంటే పడమటి వైపైనా ఏఏసీ బ్లాకులు, అంటే ఇటుకకు బదులు వాడే తేలికపాటి సిమెంటు దిమ్మెలు పెట్టించండి. వాటి నిండా గాలి బుడగలే, ఇటుకతో పోలిస్తే వేడిని చాలా తక్కువ పోనిస్తాయి. కట్టేసిన ఇంటికైతే బయటవైపు రెండంగుళాల థర్మోకోల్ షీటు అతికించి, వల బిగించి, ప్లాస్టరింగ్ చేయించాలి. షీటును ఊరికే వదిలేస్తే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. రాత్రంతా ఏసీ వేసే గదికి లోపలివైపు అతికించినా పనిచేస్తుంది. ఫ్యానుతో గడిచే ఇంటికి మాత్రం బయటే, ఎండ గోడను తాకకముందే ఆగాలి.

అంత ఖర్చు పెట్టలేకపోతే తాటాకు తడికలు చాలు. గోడకు జానెడు ఎడంగా కట్టి, కిందా పైనా సందు వదలండి. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంటుంది. మేం చేసింది అదే. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే తాళ్లు విప్పి తడికలు లోపల పెట్టేస్తాం.