చెప్పులు విప్పి లోపలికి రండి

(అక్టోబర్ 9, హంగుల్ దినోత్సవం నాడు అనంతపురంలో కొరియన్ నేర్చుకుంటున్నవారి సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నన్ను ఇక్కడికి పిలిపించిన నిర్వాహకులకు, ముందు వరసల్లో నోటు పుస్తకాలు పట్టుకుని కూర్చున్న పిల్లలకు పేరుపేరునా చెప్పుకోవాలి గానీ, నాకున్నది అరగంట. అందరికీ కలిపి ఒకే నమస్కారం.

నన్ను హంగుల్ గురించి, అంటే కొరియన్ లిపి గురించి మాట్లాడమన్నారు. ఇవాళ దక్షిణ కొరియాలో ఆ లిపికి పండగ, సెలవు. చోసన్ వంశంలో నాలుగో రాజు సేజోంగ్ 1443లో ఆ అక్షరాలను రూపొందించి, 1446లో ప్రజలకు ప్రకటించాడు. అప్పుడవి 28, ఇప్పుడు వాడుకలో ఉన్నవి 24. చైనా అక్షరాలు నేర్చుకునే తీరిక లేని సామాన్యుడు కూడా తన మాట తాను రాసుకోవాలని ఆయన కోరిక. లిపి గురించి ఇంతటితో ఆపేస్తాను. అది మీకు ఒక వారంలో వచ్చేస్తుంది. ఏళ్లు గడిచినా సరిగ్గా రానిది ఇంకొకటి ఉంది. దాని గురించి చెప్పాలనే వచ్చాను. ఒక్క వాక్యం, రాసుకోండి.

షిన్‌బరుల్ బొత్కొ దురొఒసెయొ.

చెప్పులు విప్పి లోపలికి రండి. కొరియాలో ఏ ఇంటికి వెళ్లినా గుమ్మం లోపల ఒక మెట్టు దిగువగా చిన్న జాగా ఉంటుంది. హ్యొన్‌గ్వాన్ అంటారు. చెప్పులు అక్కడ విడిచి, పైకెక్కాలి. నేల కింద నుంచి వేడి పెడతారు కాబట్టి ఆ నేల మీదే కూర్చుంటారు, పడుకుంటారు. చెప్పుల కాళ్లతో దాన్ని తొక్కడమంటే మన పడుకునే చాపను తొక్కినట్టే.

ఇప్పుడు వాక్యం విప్పుదాం. షిన్‌బల్ అంటే చెప్పులు, బూట్లు. ఉల్ అంటే మన 'ను'. బొత్ అంటే విప్పడం. బట్టలకూ అదే మాట, చెప్పులకూ అదే మాట, మనకూ అంతే. కొ అన్నది 'విప్పి'లో ఉన్న 'ఇ' చేసే పని చేస్తుంది. దురొ అంటే లోపలికి. ఒ అంటే రావడం. చివర సెయొ, మన 'రండి'లో ఉన్న 'అండి' లాంటిది. మనం 'చెప్పులను విప్పి' అనం, 'చెప్పులు విప్పి' అంటాం. వాళ్లూ మాటల్లో ఆ ఉల్ వదిలేసి షిన్‌బల్ బొత్కొ అనేస్తారు. వరస చూడండి. ఒక్క మాటైనా పక్కకు జరపాల్సి వచ్చిందా? ఇదే వాక్యాన్ని నేను మొదట ఇంగ్లీషు పుస్తకంలో చదివాను. చివరి మాట ముందుకు, ముందు మాట చివరికి బాణాలు గీసుకుని, తల వాచిపోయింది. తెలుగు నోట్లో పెట్టుకుని ఇంగ్లీషు దారిలో ఎందుకు వెళ్లానో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ పుస్తకంతో నాకున్న అసలు గొడవ ఇది కాదు. 'జుసెయొ అంటే ప్లీజ్' అని రాసింది చూడండి, అది. ఆ ఒక్క ముక్క వల్ల ఏం జరిగిందో చెప్తాను.

నేను కొరియాలోని తేజోన్ నగరంలో ఉద్యోగానికి వెళ్లిన మొదటి చలికాలం. కింద అంతస్తులో ఇంటి యజమానురాలు, డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉండేది. అందరిలాగే నేనూ హల్మొని అనేవాణ్ని, అంటే మామ్మగారు. సంక్రాంతికి పులిహోర చేసి ఒక డబ్బాలో పెట్టుకుని కిందికి వెళ్లాను. 'తినండి ప్లీజ్' అందామని ముందే రెండుసార్లు అనుకుని మరీ వెళ్లి, "మొగొ జుసెయొ" అన్నాను.

ఆవిడ డబ్బా అందుకుని, మూత మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. నవ్వలేదు, కోప్పడలేదు. నా ముఖంలోకి చూసి, రుచి కుదరలేదా అని అడిగింది. నాకు అర్థం కాలేదు. పైకొచ్చి ఆ రాత్రంతా టెన్షన్ పడ్డాను.

జుసెయొలో ఉన్నది జు. జు అంటే ఇవ్వడం. దాన్ని ఇంకో క్రియ పక్కన పెడితే, నా కోసం ఆ పని చేయండి అని అర్థం వస్తుంది. ఇది మీకు తెలియదా? పొద్దున లేస్తే మనం అనే మాటే. టికెట్ తీసి పెట్టండి. ఫారం నింపి పెట్టండి. అన్నం పెట్టడంలోని ఆ 'పెట్టు'నే అక్కడ తెచ్చి నిలబెడతాం. మరి ఇంటికొచ్చిన చుట్టానికి విస్తరి వేసి, 'కాస్త తినిపెట్టండి' అని ఎవరైనా అంటారా? అన్నామంటే, ఎవరూ ముట్టని కూర ఖర్చు చేయమని బతిమాలుతున్నట్టు కాదూ? నేను ఆ పెద్దావిడతో అన్నది సరిగ్గా ఆ మాట. పైగా మొక్‌దా అన్నది సమవయస్కుల తిండి. పెద్దవాళ్లకు మాటే వేరు, తుసెయొ అనాలి. మనం 'భోంచేయండి' అనట్లేదూ?

మర్నాడు ఆవిడే ఖాళీ డబ్బాలో కమలాపళ్లు పెట్టి తెచ్చింది. నా చేతిలో పెట్టి, "తుసెయొ" అని నెమ్మదిగా అంది. నా చేత మళ్లీ అనిపించింది. నాకు తుసెయొ అనాల్సిన వయసు కాదు ఆవిడది. నేర్పడం కోసం అంది.

కాబట్టి పిల్లలూ, చేసే పని ఎవరి కోసమో ముందు చూసుకోండి. కూర్చోమనడం, తినమనడం, లోపలికి రమ్మనడం అవతలివాళ్ల సుఖం కోసం. అక్కడ ఉత్త సెయొ చాలు. అంజుసెయొ, కూర్చోండి. రాసి పెట్టమనడం నా అవసరం, అక్కడ జుసెయొ. "ఇగొ జోమ్ సొ జుసెయొ." ఇగొ, ఇది. జోమ్, కాస్త. సొ, రాసి. జుసెయొ, పెట్టండి. ఇది కాస్త రాసి పెట్టండి! ఆ 'కాస్త' కూడా మనం వేసే చోటే వేస్తారు, మనం వేసే కారణానికే వేస్తారు.

ఇలా అంటుంటే ఎవరో ఒకరు లేచి, అమ్మను వాళ్లు ఒమ్మా అంటారు కాబట్టి రెండూ అక్కచెల్లెళ్ల భాషలేనా సార్ అని అడుగుతారు. హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోల్చి చూశాడు. ఆ చుట్టరికాన్ని భాషావేత్తలు ఒప్పుకోలేదు. నేనూ చుట్టరికం కలపడం లేదు. చుట్టాలు కాకపోయినా ఇద్దరి ఇళ్లూ ఒకే ప్లానులో కట్టి ఉండవచ్చు. మాటల పోలికలు వదిలేయండి, క్రియ తోక చూడండి.

ఆ తోకలో రెండు మర్యాదలు ఉంటాయి. సెయొ అన్నది షి, ఒయొ కలిసిపోయిన రూపం. షి ఆ పని చేసే మనిషికి. చివరి యొ మాట వినే మనిషికి. కష్టంగా ఉందా? మన ఇంట్లో అన్న తమ్ముడితో 'నాన్నగారు వచ్చారు రా' అంటాడు. వచ్చినవారికి గౌరవం ఉంది, వినేవాడికి లేదు. కొరియాలో "అబొజి ఒషొస్సొ". షి ఉంది, యొ లేదు. అదే మనిషి బయట పెద్దాయనతో 'తమ్ముడు వచ్చాడండి' అంటాడు. వాళ్లది "దోంగ్‌సెంగ్ వస్సొయొ". షి లేదు, యొ ఉంది. 'నేను వచ్చానండి' అంటాం, 'నేను వచ్చారండి' అనం. అలాగే తన గురించి చెప్పుకునేటప్పుడు వాళ్లు షి వాడరు. ఈ సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే పేజీలు కావాలి. మీకు నిమిషం పట్టింది.

ఇంకో మాట చెప్పి తీరాలి. అక్కడి కాఫీ షాపుల్లో కుర్రవాళ్లు కాఫీకి కూడా షి తగిలిస్తున్నారు, కాఫీ గారు వచ్చారు అన్నట్టు. అది తప్పని కొరియాలో పెద్దవాళ్లు నొచ్చుకుంటూనే ఉన్నారు. నాకు ఆ పిల్లల మీద జాలి. కస్టమర్‌కు ఎక్కడ తక్కువవుతుందో అన్న భయంతో అనే మాట అది. మనమేమో బోర్డుల మీద 'దయచేసి చెప్పులు ఇక్కడ విడువుము' అని రాస్తాం. ముందు దయచేసి అతికించి, చివర మర్యాద కోసేస్తాం. మీ అమ్మ ఏ రోజైనా చుట్టాలతో 'దయచేసి రండి' అందా? రండి అంటుంది, అంతే. ప్లీజ్ అంతా ఆ 'అండి'లో ఉంది.

పెనుకొండ దగ్గర కొరియా కంపెనీ కియా 2019లో కార్లు చేయడం మొదలుపెట్టాక మన వైపు కొరియన్‌తో పని పడింది. మీలో కొందరు రేపు షాప్ ఫ్లోర్ మీద రెండు భాషల మధ్య నిలబడతారు. చేతులు జోడించి వేడుకుంటున్నాను, మధ్యలోకి ఇంగ్లీషును పిలవకండి. అటు తోక చూడండి, ఇటు తోక చూడండి, కలపండి.

గంట కొట్టారు. ఒక్క నిమిషం.

హల్మొని నన్ను మొదటి ఏడాదంతా దురొఒసెయొ అనే పిలిచింది. రెండో చలికాలంలో ఒకరోజు మంచు పడుతోంది. నేను గుమ్మంలో బూట్ల లేసులతో తంటాలు పడుతుంటే లోపల్నుంచి కేకేసింది. "షిన్‌బల్ బొత్కొ దురొవా!" సెయొ లేదు, యొ లేదు. విప్పేసి లోపలికి రా. బూటు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా అమ్మ తప్ప నన్ను ఎవరూ అలా పిలవక అప్పటికి రెండేళ్లు.

వచ్చే ఆదివారం క్లాసుకు మీ ఇంట్లో పొద్దుట్నుంచి రాత్రి దాకా ఎవరు ఎవరికి ఏ పని ఎలా చెప్పారో పది వాక్యాలు రాసుకు రండి. తోకతో సహా రాయండి. వాటికి కొరియన్ నేను చెప్తాను.