రెడ్ రైడర్ బీబీ గన్ రివ్యూ: వంతెన ఇవతల ఆటవస్తువు, అవతల తుపాకీ

అందరికీ నమస్కారం. తిరునాళ్లలో బెలూన్లు కాల్చే బోర్డు గుర్తుందా మీకు? తుపాకీని మధ్యకు విరిచి, చిన్న సీసం గుండు పెట్టి చేతికిచ్చేవాడు. మనం ఎర్ర బెలూన్‌కి గురిపెడితే పక్కనున్న చెక్కకు తగిలేది. ఆ మోజు తీరకే ఇదిగో, ఈ వయసులో దీన్ని కొన్నాను. డైసీ రెడ్ రైడర్. 1940 నుంచి అమ్ముతున్న మోడల్. పెన్సిల్వేనియాలో, మా ఎక్స్‌టన్ దగ్గర స్టోర్‌లో కొన్నాను. ఏ పర్మిట్టూ అడగలేదు.

దగ్గరగా చూపిస్తాను. బరువు ఒక కిలో. వెనక కట్టె అసలైన చెక్కే, ప్లాస్టిక్ కాదు. ఈ కింది లివర్‌ని ఇలా పూర్తిగా లాగాలి... కిర్రుమంది కదా, లోపల స్ప్రింగ్ బిగిసింది. ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగ్ పిస్టన్‌ని తోస్తుంది, ఆ గాలి దెబ్బకు గుండు బయటికొస్తుంది. గుండు అంటే ఇదే, స్టీల్ బీబీ, దాదాపు మిరియం గింజంత. ఒకసారి 650 పోసుకోవచ్చు. వేగం సెకనుకు 350 అడుగులు. పది గజాల్లో కూల్‌డ్రింక్ డబ్బా పడుతుంది, అంతకు మించి ఆశపడకండి. స్టీల్ గుండు గట్టివాటికి తగిలితే వెనక్కి ఎగిరి వస్తుంది. మా గరాజ్ గోడకు తగిలి నా కాలి దగ్గరే పడింది. కళ్లద్దాలు లేకుండా పిల్లలకివ్వొద్దు. సేఫ్టీ కూడా దానంతటది పడదు, మనమే నొక్కాలి.

వస్తువుగా అయితే నాకు నచ్చింది. కానీ ఈ వీడియో చేయడానికి కారణం మా తోడల్లుడు. న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో ఉంటాడు. "అన్నయ్యా, థాంక్స్‌గివింగ్‌కి వస్తూ కార్లో పడేసుకుని రా, పిల్లలు ముచ్చటపడతారు" అన్నాడు. సరేనన్నాను. డిక్కీలో పెట్టాను కూడా. ఎందుకో రాత్రి ఒకసారి చదువుదామని కూర్చుంటే నిద్ర ఎగిరిపోయింది.

అమెరికా ఫెడరల్ చట్టంలో ఫైర్‌ఆర్మ్ అంటే పేలుడు పదార్థంతో గుండును తోసేది. ఇందులో మందుగుండు లేదు, గాలే. కాబట్టి వాషింగ్టన్ లెక్కలో ఇది ఫైర్‌ఆర్మ్ కాదు. హెచ్‌-1బీ వీసా మీద ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, మేం దీన్ని ఉంచుకోవచ్చా అని. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప మామూలు తుపాకీ వాళ్ల దగ్గర ఉండకూడదు, ఆ ఫెడరల్ నిషేధం ఎయిర్ గన్‌కు వర్తించదు. అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. అసలు కథ రాష్ట్రాల చేతిలో ఉంది.

ట్రెంటన్ దగ్గర డెలావేర్ నది దాటగానే న్యూజెర్సీ. అక్కడి చట్టం స్ప్రింగ్, గాలి, కార్బన్ డయాక్సైడ్, ఏది తోసినా ఫైర్‌ఆర్మే అంటుంది. గుండు అంగుళంలో మూడు-ఎనిమిదో వంతు కంటే చిన్నదై, మనిషికి గాయం చేయగలిగితే చాలు. రైఫిల్ కొనాలంటే పోలీసులకు వేలిముద్రలిచ్చి పర్చేజర్ కార్డు తీసుకోవాలి. ఎయిర్ పిస్టల్‌కైతే హ్యాండ్‌గన్ పర్మిటే కావాలి. అవి లేకుండా దొరికితే మూడో డిగ్రీ నేరం, మూడు నుంచి ఐదేళ్ల జైలు. తమాషా ఏంటంటే, పెయింట్‌బాల్ గుండు ఇంకా పెద్దది కాబట్టి ఆ నిర్వచనంలోకి రాదు! నా 40 డాలర్ల బొమ్మ కోసం ఐదేళ్లా? వెంటనే లేచి డిక్కీలోంచి తీసేశాను.

న్యూయార్క్‌లో ఇంకో రకం. రాష్ట్రంలో 16 ఏళ్లలోపు పిల్లల దగ్గర ఉండకూడదంటారు. న్యూయార్క్ నగరంలోకి వస్తే లైసెన్స్ లేకుండా పెద్దవాళ్ల దగ్గరున్నా నేరమే. ఇల్లినాయ్‌లో కొలతలు చూస్తారు: 0.18 అంగుళం లోపు గుండు అయినా, వేగం సెకనుకు 700 అడుగులు దాటకపోయినా ఫోయిడ్ కార్డు, అంటే తుపాకీ ఉంచుకోవడానికి ఆ రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు, అక్కర్లేదు. రెడ్ రైడర్ దర్జాగా బయటపడుతుంది. అదే 0.22 అంగుళం సైజులో వేగం 900 అడుగులు దాటే గన్ కొన్నారా, కార్డు ఉండాల్సిందే. మిన్నెసోటాలో కొనడం సులువే, కానీ బహిరంగ ప్రదేశంలో చేత పట్టుకుని తిరిగితే గ్రాస్ మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరాల్లో పెద్దది. మా పెన్సిల్వేనియాలో 18 లోపు వాళ్లకు అమ్మకూడదు, రోడ్డు మీదుగా కాల్చకూడదు.

ఇక చట్టం కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఒకటుంది. బొమ్మ తుపాకీలకు మూతి దగ్గర ఆరెంజ్ రంగు ఉండాలని ఫెడరల్ చట్టం ఉంది కదా, మామూలు బీబీ గన్‌లను దాని నుంచి మినహాయించారు. దీని మూతి చూడండి, నల్లగానే ఉంది. 2014 ఆగస్టులో ఒహాయో రాష్ట్రం బీవర్‌క్రీక్‌లో జాన్ క్రాఫర్డ్ అనే 22 ఏళ్ల కుర్రాడు ఒక స్టోర్‌లో అమ్మకానికి పెట్టిన ఎయిర్ రైఫిల్‌ని షెల్ఫ్ మీంచి తీసుకుని, ఫోన్లో మాట్లాడుతూ తిరుగుతున్నాడు. ఎవరో 911కి ఫోన్ చేశారు. పోలీసులు వచ్చి కాల్చేశారు. నిజం తుపాకీని బాహాటంగా పట్టుకుని తిరగడానికి చట్టం ఒప్పుకునే రాష్ట్రం అది. అందుకే మా ఇంట్లో రూల్: ఇది కవర్‌లో తప్ప బేస్‌మెంట్ దాటదు, ముందు పెరట్లోకి అసలు రాదు.

కామెంట్లలో హైదరాబాద్ సంగతి అడుగుతున్నారు. మన దేశంలో 0.177 అంగుళం సైజు, గుండు శక్తి 20 జౌల్స్ లోపు ఉండే ఎయిర్ రైఫిల్‌కు ఆర్మ్స్ లైసెన్స్ అక్కర్లేదు. మన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే.

ఇంతకీ ఎడిసన్‌కి క్యారమ్ బోర్డు తీసుకెళ్లాను. మా తోడల్లుడు రెండు రోజులు మాట్లాడలేదు. స్ట్రైకర్ మర్చిపోయానని ఇంకా కోపం.