వణుకు డాంపర్‌ది కాదన్నా: స్టీరింగ్ డాంపర్ ఇంట్లోనే మార్చుకోవడం

(బండి కింద నుంచి మొదలు. ఫోన్ లైటు స్టీరింగ్ రాడ్ల మీద పడుతోంది.)

“అన్నా, బండి 70 దాటితే స్టీరింగ్ గజగజ వణుకుతోంది, ఏ డాంపర్ వేయిస్తే మంచిది?” పోయిన వారం ఇదే ప్రశ్న, అంతకు ముందు వారం కూడా ఇదే. మొన్న కడపలో టీ తాగుతుంటే ఒకాయన వచ్చి ఇదే అడిగాడు, కనీసం బండి కూడా వెంట లేదు. బండి చూడకుండా నేనేం చెప్పాలి సామీ? పైగా నన్ను అడగడానికి ముందే ఆయన డాంపర్ కొనేశాడు. ఇంక నా దగ్గరికి ఎందుకొచ్చాడంటే, “మంచిదే కొన్నారు” అనిపించుకోవడానికి.

అందుకే ఈ వీడియో. వణుకు పుట్టించేది డాంపర్ కాదు. వణుకు ఎక్కడో పుడుతుంది, డాంపర్ దాన్ని అణిచిపెడుతుంది, డాంపర్ అరిగినాక ఆ వణుకు బయటపడుతుంది. ఈ తేడా తెలియకనే నేను కూడా ఒకసారి డబ్బు తగలేసుకున్నాను, ఆ కథ కూడా చెప్తాను.

స్విఫ్ట్, ఐ20 లాంటి కార్లున్న వాళ్లు బండి కింద దూరి వెతక్కండి, మీకు ఈ పార్టే ఉండదు. మీ బండి వణికితే వీల్ బ్యాలెన్సింగ్ దగ్గర మొదలుపెట్టండి. ఇది జిప్సీ, జిమ్నీ లాంటి బండ్ల కథ, అంటే ముందు చక్రాలు రెండూ ఒకే గట్టి యాక్సిల్‌కి ఉండేవి. ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రానికి కూడా ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది. మాది ఇరవై ఏళ్ల పైబడిన జిప్సీ, గువ్వలచెరువు ఘాటు ఎన్నిసార్లు ఎక్కి దిగిందో దానికే తెలియాలి. అక్కడి పాలకోవా కోసమే సగం సార్లు.

(డాంపర్ చేతిలో పట్టుకుని.)

ఇదిగో, ఇదే డాంపర్. చూడ్డానికి షాకబ్జార్బర్ లాగే ఉంది కదా? ఒక చివర కదలని చోట బిగిస్తారు, రెండో చివర స్టీరింగ్ తిప్పితే కదిలే రాడ్‌కి. లోపల నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కి సన్న రంధ్రాలు. మెల్లగా లాగితే నూనె ఆ రంధ్రాల్లోంచి నిదానంగా దారి చేసుకుంటుంది. విసురుగా లాగితే అంత నూనె అంత తొందరగా దూరలేదు, కాబట్టి మొరాయిస్తుంది.

ఇంకా అర్థం కాలేదా, అయితే సంకటి చేసేటప్పుడు చూడండి. మా అమ్మ రాగి సంకటి కెలికేటప్పుడు తెడ్డు నిదానంగా తిప్పుతుంది, తిరుగుతుంది. అదే నేను పోయి మగతనం చూపిద్దామని ఒక్క విసురు విసిరితే తెడ్డు కదలదు, నా భుజం పడుతుంది. డాంపర్ అంటే అంతే. మీరు మా కడప వైవీ స్ట్రీట్‌లో పార్కింగ్ కోసం స్టీరింగ్ నిదానంగా తిప్పితే డాంపర్ ఉన్నట్టే తెలియదు. కానీ 70 వేగంలో లెక్కేయండి: జిప్సీ టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు, బండి సెకనుకు 19 మీటర్ల పైన పోతోంది, అంటే చక్రం సెకనుకు సుమారు 9 సార్లు తిరుగుతోంది. చక్రంలో ఒక పక్క బరువు ఎక్కువుంటే సెకనుకు 9 సార్లు స్టీరింగ్‌ని ఒక గుద్దు గుద్దుతుంది. ఆ గుద్దుల్ని పట్టుకునేది మన సంకటి.

మరి డాంపర్ అరిగితే? సంకటి కాస్తా అంబలి అయిపోతుంది. తెడ్డు ఎటు తిప్పినా జర్రున పోతుంది.

ఇప్పుడు అసలు పాయింటు, దీన్ని మాత్రం ఫార్వర్డ్ చేసుకుంటూ పోకండి. సంకటి కెలికే వాళ్లు కుండని ముందు కదలకుండా అదిమి పట్టుకుంటారు. కుండే కింద డుగడుగలాడుతుంటే సంకటి ఎంత గట్టిగా చేస్తే ఏం లాభం? మన బండిలో కుండ అంటే టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ రాడ్ల చివర ఉండే కీళ్లు), కింగ్ పిన్ బేరింగులు (చక్రం కుడి ఎడమలకు తిరిగే చోట ఉండేవి), వీల్ బేరింగులు, స్ప్రింగు పట్టీల బుష్‌లు (అతుకుల్లో ఉండే రబ్బరు ముక్కలు), జిమ్నీ అయితే యాక్సిల్‌ని పక్కకు పోకుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్, దాని బుష్‌లు. ఇవి లూజయ్యుంటే కొత్త డాంపర్ కొన్నాళ్లు అణిచిపెడుతుంది, తర్వాత అది కూడా చస్తుంది.

నాకు జరిగింది ఇదే. గండికోట నుంచి వస్తూ ఒక వంతెన జాయింటు మీద ఎడమ చక్రం దబ్బున పడింది, అంతే, స్టీరింగ్ చేతిలో నిలవలేదు. పక్కన మా మేనల్లుడు, వాడు నవ్వుతున్నాడు, వాడికి అది జెయింట్ వీల్. అట్లా జరిగితే స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, వేగం మెల్లగా తగ్గించుకోండి, వణుకు ఆగేదాకా. కంగారులో ఎదురు తిప్పడాలు వద్దు. నేను ఇంటికొచ్చి మెకానిక్ దగ్గరికి పోతే, ఆయన టైరు మీద చెయ్యి కూడా వేయకుండా డాంపర్ మార్చేశాడు. వణుకు పోయింది! రెండు నెలలు ఊరంతా ఆయన్ని పొగిడాను. మూడో నెలలో మళ్లీ మొదలు. చివరికి చూస్తే కింగ్ పిన్ బేరింగులు పోయి ఉన్నాయి, ముందు టైరు ఒకటి బ్యాలెన్స్ తప్పింది. అవి సరిచేశాక, పాడైన ఆ డాంపర్ తోనే బండి బాగా నడిచింది. బాగా అంటే బాగా కాదు, వణకలేదు. అప్పుడు నాకు తల మీద కొట్టినట్టు అర్థమైంది.

కాబట్టి పానా ముట్టుకునే ముందు కింద పడుకుని చూడండి. బండి నేల మీదే ఉండాలి, జాకీ ఎత్తొద్దు. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టి స్టీరింగ్‌ని అటు ఇటు కొంచెం కొంచెం, తొందర తొందరగా ఆడించమనండి. పవర్ స్టీరింగ్ ఉంటే ఇంజన్ స్టార్ట్ చేసి, బండి న్యూట్రల్‌లో. మీరు ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి చూడండి. ఒక రాడ్ కదిలి, దానికి తగిలించిన రెండోది ఒక్క క్షణం ఆగి కదిలిందంటే, దొంగ దొరికినట్టే. చెయ్యి మాత్రం నలిగే చోట పెట్టకండి.

తర్వాత చక్రం పైకెత్తి, పైన కింద పట్టుకుని ఊపండి. ఊగితే వీల్ బేరింగ్ లేదా కింగ్ పిన్. పక్కల పట్టుకుని ఊపితే ఊగిందంటే టై రాడ్ ఎండ్ల మీద అనుమానం, బేరింగ్ కూడా కావచ్చు. ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి: లూజు పోయిందంటే బేరింగ్, అప్పటికీ ఊగుతుంటే కింగ్ పిన్ వైపు చూడండి. ఇవన్నీ బాగుంటేనే, లేదా బాగు చేయించాకే, డాంపర్.

డాంపర్ పోయిందని ఎట్లా తెలుస్తుంది? మీద నూనె తడి పలచగా ఉండి దుమ్ము అంటుకుంటే అంత భయం లేదు. చుక్కలు కారుతుంటే పోయినట్టే. గొట్టానికి సొట్ట, రాడ్ వంకర, బుష్ రబ్బరు చీలిక, ఏది ఉన్నా మార్చాల్సిందే. ఇంకో పరీక్ష, నాకు భలే ఇష్టమైనది: ఒక చివర ఊడదీసి చేత్తో లాగి తోయండి. మొదటి నుంచి చివరి దాకా ఒకేలా బిగువుండాలి. బండి ఎక్కువగా నేరుగానే పోతుంది కాబట్టి డాంపర్ మధ్యభాగమే ముందు అరుగుతుంది. చివర్లలో సంకటి, నడిమధ్యలో అంబలి. అట్లా ఒక్క అంగుళం జారినా పక్కన పడేయండి.

ఇంకొకటి, స్కూటర్ షాకబ్జార్బర్ తెచ్చి ఇక్కడ తగిలించే మహానుభావులున్నారు. అన్నా, షాకబ్జార్బర్ సాగేటప్పుడు బిగువు ఎక్కువ, నొక్కుకునేటప్పుడు తక్కువ, దాని పని అట్లాంటిది. స్టీరింగ్ డాంపర్‌కి రెండు వైపులా సమానంగా ఉండాలి. లేకపోతే కుడికి తిప్పితే సంకటి, ఎడమకి తిప్పితే అంబలి, ఘాటు మలుపుల్లో మీ ఖర్మ.

(బండి ముందు నిలబడి.)

సరే, పని. చల్లపొద్దునే మొదలుపెట్టండి, నేను ఆరింటికే అనుకున్నాను, మాట్లాడుతూ మాట్లాడుతూ ఎనిమిదయింది. మన ఇళ్ల ముందు ఉండేవి కడప బండలు. చదునుగా ఉంది కదా అని జాకీ నేరుగా బండ మీద పెట్టకండి. కింద డొల్ల ఉంటే బండ పగులుతుంది, జాకీ జారుతుంది. ఒక మందమైన చెక్క వేసి దాని మీద పెట్టండి. కర్నూలు వైపు నల్లరేగడి నేల మీద అయితే అసలు ఎత్తొద్దు, గట్టి నేలకి పోండి. జాకీ నమ్మి కింద దూరకూడదు, స్టాండ్లు పెట్టాల్సిందే. నిజానికి జిప్సీ ఎత్తుకి డాంపర్ పని జాకీ లేకుండానే అయిపోతుంది, నేను అట్లాగే చేస్తాను.

చక్రాలు నేరుగా పెట్టండి. ముందు రోజు రాత్రే నట్లకి తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి, ఆ ఒక్క పనితో సగం బూతులు తప్పుతాయి. పాత డాంపర్ ఏ వైపుకి ఉంది, వాషర్లు ఏ వరసలో ఉన్నాయి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి. మనం గుర్తుంచుకుంటాం అనుకుంటాం, ఉంచుకోం.

కదలని వైపు నట్టు ముందు తీయండి, అది సులువు. రాడ్ వైపు చివర కొన్ని బండ్లలో రబ్బరు బుష్, బోల్టు, కొన్నిట్లో కోసుగా ఉండే పిన్ను. కోసు పిన్ను అయితే కాటర్ పిన్ (నట్టు తిరిగిపోకుండా అడ్డంగా దూర్చే సన్న తీగ పిన్ను) తీసి, నట్టు వదులు చేసి, మొత్తం తీసేయకుండా రెండు మూడు చుట్లు ఉంచి, పుల్లర్ (బిగిసిన పిన్నుని ఊడదీసే పనిముట్టు) వేయండి. పుల్లర్ లేకపోతే పిన్ను దూరిన కన్నం పక్క గోడ మీద సుత్తితో గట్టిగా ఒకటి రెండు దెబ్బలు, ఠప్పున వదులుతుంది. పిన్ను మర మీద మాత్రం కొట్టకండి. ఆ రాడ్ మీ స్టీరింగ్‌ది, సొట్ట పోయిందో ఇంకో ఖర్చు.

కొత్త డాంపర్ పెట్టెలోంచి తీసి నేరుగా బిగించేస్తారు చాలా మంది. ఆగండి. కొన్నాళ్లు షాపులో పడుకుని ఉంటుంది, లోపల గాలి బుడగలు చేరుంటాయి, సంకటిలో గడ్డలు కట్టినట్టు. నిలబెట్టి చివర నుంచి చివర దాకా ఐదారుసార్లు లాగి తోస్తే గడ్డలు చిదిమినట్టు సాఫీ అవుతుంది. గ్యాస్ రకం అయితే వదిలితే దానంతటదే బయటికి సాగుతుంది, అది లోపం కాదు, కానీ కొంచెం స్టీరింగ్‌ని ఒక పక్కకి తోస్తుందని తెలుసుకుని కొనండి. తేలిక స్టీరింగ్ ఉన్న బండ్లలో అది తెలుస్తుంది, నాకైతే మామూలు నూనె రకమే ఇష్టం.

(ఎండ బండ మీదికి వచ్చింది, వీపు కాలుతోంది.)

ఇంక గబగబా. డాంపర్ రెండు చివరలూ చేత్తో ఎక్కించండి, చక్రాలు నేరుగా ఉన్నప్పుడు డాంపర్ రాడ్ సుమారుగా మధ్యలో ఉండాలి. బుష్‌లు బిగించేది బండి నేల మీద, చక్రాలు నేరుగా ఉన్నప్పుడే, లేకపోతే రబ్బరు మెలిపడి తొందరగా చీలుతుంది. బిగువు ఎంతో మీ బండి మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్‌తోనే (ఎంత బిగువో కొలిచే పానా) బిగించండి. కాటర్ పిన్ కన్నం కలవకపోతే నట్టు ఇంకాస్త బిగించి కలపండి, వదులు చేసి మాత్రం ఎప్పుడూ కలపకండి. పాత కాటర్ పిన్ మళ్లీ వాడొద్దు. లాక్ నట్టయితే కొత్తది.

ఇప్పుడు స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పండి. చివర ఆగాల్సింది బండికి ఉన్న స్టాపర్ దగ్గర, డాంపర్ పూర్తిగా మూసుకుపోయి కాదు, పూర్తిగా సాగిపోయీ కాదు. డాంపర్ ముందే ఆగిపోతే మీరు తప్పు సైజు కొన్నారు, అట్లా బండి తీయకండి. బ్రేకు గొట్టానికి ఎక్కడా తగలకూడదు, టైరుకి కూడా. అలైన్‌మెంట్ చేయించమని ఎవరైనా అంటే, డాంపర్ ఒక్కటే మార్చినందుకు అవసరం లేదు, దానికీ టోకీ (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగుండే కోణం) సంబంధం లేదు. టై రాడ్ ఎండ్ తీసుంటే అప్పుడు చేయించాలి.

మొదట వీధిలో 20లో, తర్వాత ఖాళీ రోడ్డు మీద కొంచెం కొంచెం పెంచుతూ పోండి. మళ్లీ వణికితే వెనక్కి వచ్చి కుండ చూడండి, సంకటి కాదు. 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ చూడాలి. ఇందుకు నేను మా అక్క గోళ్ల రంగు తీసుకుని నట్టు మీద నుంచి పక్కన ఇనుము మీదికి ఒక ఎర్ర గీత గీస్తాను. రెండు ముక్కలూ ఒకే వరసలో ఉంటే నట్టు కదల్లేదని. ఇదిగో, ఇట్లా. సీసా మళ్లీ దాని చోట పెట్టాలి, ఆమె ఇంకా చూడలేదు.