హూ, విచ్ తీసేసే ముందు ఒక్క ప్రశ్న

నమస్కారం. ముందుగా ఈ వాక్యం వినండి. "ద మ్యాన్ కేమ్ ఎస్టర్‌డే ఈజ్ మై అంకుల్." నిన్న వచ్చినాయన మా బాబాయి అని చెప్పాలన్నది ఉద్దేశం. కానీ వినేవాళ్లకు "ద మ్యాన్ కేమ్ ఎస్టర్‌డే" దగ్గరే వాక్యం పూర్తయిపోయింది. ఆయన నిన్న వచ్చాడు, అంతే. ఆ తర్వాత వినపడిన "ఈజ్" ఎవరికి చెందుతుందో వాళ్లకు తెలియదు. ఇక్కడ "హూ" ఉండి తీరాలి. "ద మ్యాన్ హూ కేమ్ ఎస్టర్‌డే ఈజ్ మై అంకుల్."

మరి ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు హూ, విచ్, దట్ చాలాసార్లు తీసేసే మాట్లాడతారు కదా, మనం తీస్తే ఎందుకు తప్పవుతోంది? ఇవాళ అదే చూద్దాం. రిలేటివ్ క్లాజ్ అంటే తెలుసు కదా, ఒక నామవాచకం వెనకాలే వచ్చి అది ఏ మనిషో, ఏ వస్తువో చెప్పే భాగం. దాన్ని కుదించడానికి గ్రామర్ పుస్తకాల్లో బోలెడు రూల్స్ ఉంటాయి. వాటిని బట్టీ పట్టొద్దని నా సలహా. దాని బదులు ఒక ప్రశ్న అడగండి. ఆ మనిషి లేదా వస్తువు పని చేస్తోందా, లేక పని దాని మీద జరుగుతోందా?

ఈ ప్రశ్న మీద నేనింత పట్టు పట్టడానికి కారణం ఉంది. తెలుగులో మనం దీన్ని అడగక్కర్లేదు. "ఉత్తరం రాస్తున్న అమ్మాయి" అంటాం, "అమ్మాయి రాస్తున్న ఉత్తరం" అంటాం. ఒకచోట అమ్మాయి పని చేస్తోంది, ఇంకోచోట ఉత్తరం మీద పని జరుగుతోంది. అయినా మన క్రియ మారలేదు, రెండు చోట్లా అదే "రాస్తున్న". ఇంగ్లిష్ అలా ఊరుకోదు, ఎవరు చేస్తున్నారో తేల్చి చెప్పమంటుంది. పని చేసేవాళ్లకైతే ఐఎన్‌జీ రూపం: "ద గర్ల్ రైటింగ్ ద లెటర్." పని జరిగిన వస్తువుకైతే మనం వీ త్రీ అని పిలుచుకునే మూడో రూపం: "ద లెటర్ రిటెన్ బై ద గర్ల్." మొదటిదాంట్లో "హూ ఈజ్", రెండోదాంట్లో "విచ్ వజ్" పోయాయి. గమనించండి, హూ ఒక్కటే పోలేదు, దాని పక్కనున్న ఈజ్, వజ్ కూడా కలిసే పోయాయి. ఒకటి తీసి ఇంకొకటి ఉంచితే వాక్యం విరిగిపోతుంది.

ఇక పని చేసే మనిషి ఆ క్లాజ్ లోపలే వేరేగా ఉంటే ఇంకా సులువు. "ద బుక్ విచ్ ఐ బాట్" తీసుకోండి. కొన్నది నేను, ఆ "ఐ" లోపలే ఉంది. విచ్ తీసేసి "ద బుక్ ఐ బాట్" అంటే చాలు. క్రియను ముట్టుకోవద్దు.

అసలు చిక్కు ఐఎన్‌జీ దగ్గర వస్తుంది. "హూ కేమ్ ఎస్టర్‌డే"ని "కమింగ్ ఎస్టర్‌డే" అని కుదించవచ్చా? కుదరదు. ఇలాంటి చోట ఐఎన్‌జీ నడుస్తున్న పనికి, లేదా ఎప్పుడూ ఉండే స్థితికి సరిపోతుంది. "పీపుల్ లివింగ్ నియర్ ద రివర్" బాగుంటుంది, ఎందుకంటే వాళ్లు అక్కడే ఉంటారు. ఒక్కసారి జరిగి అయిపోయిన పనికి అది నప్పదు. అక్కడ హూ అలాగే ఉంచండి. పొడుగ్గా ఉందని బాధపడకండి, అదే సరైన ఇంగ్లిష్.

వీ త్రీలోనూ ఒక మెలిక ఉంది. 1970లో థామస్ బీవర్ అనే పరిశోధకుడి వ్యాసంతో ప్రసిద్ధమైన వాక్యం ఇది: "ద హార్స్ రేస్డ్ పాస్ట్ ద బార్న్ ఫెల్." ఇంగ్లిష్‌లోనే పుట్టి పెరిగినవాళ్లు కూడా చివరి "ఫెల్" దగ్గరికొచ్చేసరికి తికమకపడతారు. గుర్రం కొట్టం పక్కనుంచి పరిగెత్తిందని అప్పటికే అనుకుంటారు కదా! నిజానికి దీని అర్థం, కొట్టం పక్కగా ఎవరో పరిగెత్తించిన గుర్రం పడిపోయింది అని. "రేస్డ్" అన్నది వీ టూ, అంటే జరిగిపోయిన పనిని చెప్పే రెండో రూపం కూడా, వీ త్రీ కూడా. అందుకే ఈ గందరగోళం. అదే "ద హార్స్ రిడెన్ పాస్ట్ ద బార్న్ ఫెల్" అంటే ఎవరూ తడబడరు, ఎందుకంటే వీ టూ "రోడ్", వీ త్రీ "రిడెన్", రెండూ వేరు. కాబట్టి రెండు రూపాలూ ఒకటే అయిన క్రియ వచ్చిందంటే, కుదించిన వాక్యాన్ని ఒకసారి పైకి చదవండి. మీకే తికమకగా ఉంటే "విచ్ వజ్" వెనక్కి పెట్టేయండి. వ్యాకరణం ఒప్పుకున్నంత మాత్రాన కుదించి తీరాలని లేదు.

మిగతావి త్వరగా చూసేద్దాం. "ద బుక్ విచ్ ఈజ్ ఆన్ ద టేబుల్" హాయిగా "ద బుక్ ఆన్ ద టేబుల్" అవుతుంది. కానీ "ద బాయ్ హూ ఈజ్ టాల్"ని "ద బాయ్ టాల్" అనకూడదు, "ద టాల్ బాయ్" అనాలి. అదే విశేషణం వెనకాల ఇంకేవైనా మాటలుంటే మాత్రం నామవాచకం తర్వాతే ఉంటుంది: "ఎ బ్యాగ్ ఫుల్ ఆఫ్ బుక్స్." "హూజ్"ని ఊరికే తీసేయడానికి లేదు.

ఇందాక అయిపోయిన పనిని ఐఎన్‌జీతో కుదించొద్దన్నాను కదా. ఫస్ట్, లాస్ట్, ఓన్లీ లాంటి మాట ముందుంటే దానికి వేరే దారి ఉంది, "టు". 1969లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద నడిచాడు. "ద ఫస్ట్ పర్సన్ హూ వాక్డ్ ఆన్ ద మూన్" అన్నా తప్పులేదు, కానీ "ద ఫస్ట్ పర్సన్ టు వాక్ ఆన్ ద మూన్" అనడం మామూలు. నాకు ఈ రూపం చాలా ఇష్టం, ఎంత చక్కగా ఇముడుతుందో చూడండి.

ఇప్పుడు మీ వంతు. వీడియో ఆపి ఈ మూడూ రాసుకోండి. "ద స్టూడెంట్స్ హూ ఆర్ వెయిటింగ్ అవుట్‌సైడ్." "ద ఫోటోస్ విచ్ వర్ టేకెన్ లాస్ట్ వీక్." "ద వుమన్ హూ ఫౌండ్ మై ఫోన్." వీటిలో ఒకదాన్ని ముట్టుకోకూడదు. అదేదో ముందు పట్టుకోండి, ఎందుకో కారణం కూడా పైకి చెప్పండి. ఆ తర్వాతే మిగతా రెండూ కుదించండి.